మా నాన్న చదవలేకపోయిన పేజీ

పోయిన సంవత్సరం మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో 'ఆటవిడుపు' అనే పేజీ ఒకటి వచ్చింది. పులిజూదం మీద నాలుగు చిక్కుముడులు, చదరంగం మీద రెండు, దాడి ఆట మీద ఒకటి. మొత్తం ఏడు ఒకే పేజీలో సర్దాం. ఆ పేజీ తయారుచేసింది నేనే. నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి. ఈ ఏడు సంపాదకవర్గం వాళ్ళు ఏదైనా రాయమని అడిగినప్పుడు ఆ పేజీ గురించే రాస్తానన్నాను. గొప్ప చెప్పుకోవడానికి కాదు. అందులో నేను చేసిన తప్పు ఒప్పుకోవడానికి, అది మన సంచికలో మళ్ళీ జరగకుండా చూడమని అడగడానికి.

మా నాన్న తాపీమేస్త్రి. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. కానీ చేతికి దొరికిన కాగితమల్లా చదివే అలవాటు ఉంది. టీ కొట్టు దగ్గర పేపరు మొత్తం అయ్యాకే పనికి బయలుదేరేవాడు. దానికి తోడు ఆటల పిచ్చి. మా పేటలో చర్చి పక్కన ఒక పెద్ద బండ ఉంది. దాని మీద ఎవరు చెక్కారో, ఎప్పుడు చెక్కారో గానీ పులిజూదం గీతలు ఉన్నాయి. ఆదివారం ప్రార్థన అయిపోయాక ఆ బండ చుట్టూ జనం చేరతారు. నాన్న మేకల పక్షాన కూర్చుంటే అవతలివాడు సగం ఓడిపోయినట్టే అనేవాళ్ళు.

తెలియని తమ్ముళ్ళ కోసం రెండు మాటలు. పులిజూదంలో 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే చోట 23 కూడళ్ళు ఉంటాయి. మేకల్ని ఒక్కొక్కటిగా పెట్టుకుంటూ రావాలి. పక్కనున్న మేకకు అవతల, అదే గీత మీద ఖాళీ ఉంటే పులి దాని మీదుగా దూకి దాన్ని చంపుతుంది. మేక ఎవర్నీ చంపలేదు. అన్ని మేకలూ కలిసి పులులకు కదిలే దారి లేకుండా చేస్తేనే గెలుపు. "పులికి బలం ఉంది, మేకకు తోడుంది" అనేవాడు నాన్న ఆట నేర్పేటప్పుడు. నేను అచ్చు వేయించిన నాలుగు పులిజూదం చిక్కుల్లో మూడు ఆయన చెప్పినవే. వేసవి సెలవుల్లో చింతగింజలు, గులకరాళ్ళు పేర్చి చూపిస్తే నోటు పుస్తకంలో గీసుకున్నాను. నాలుగోది మాత్రం నేను సొంతంగా అల్లింది.

పేజీ కట్టే రోజు సంచికకు కాగితం ఖర్చు లెక్కేస్తే నాకు ఒక్క పేజీ మిగిలింది. ఏడు చిక్కుల్లో ఒక్కటి వదులుకోవడానికి కూడా నా మనసు ఒప్పలేదు. అక్షరాలు 9 పాయింట్లకు దించాం. పలకల బొమ్మలు ఒక్కొక్కటి మూడు సెంటీమీటర్ల వెడల్పుకు కుదించాం. అందంగా ఉంటుందని పేజీ వెనక బూడిద రంగులో పులి బొమ్మ వేయించాను. శీర్షిక నల్ల పట్టీ మీద తెల్ల అక్షరాలు. జవాబులు అడుగున, తలకిందులుగా, ఇంకా చిన్న అక్షరాల్లో. డీటీపీ చేసే అన్న, "అక్షరాలు మరీ చిన్నవైపోతాయి తమ్ముడూ" అని ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పాడు. "ఫర్వాలేదన్నా, కనిపిస్తున్నాయిగా" అన్నది నేనే. ఆ రోజు నా వయసు ఇరవై రెండు.

సంచిక తీసుకుని ఇంటికి వెళ్ళాను. నాన్న పని నుంచి వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, బల్బు కింద మంచం వాల్చుకుని కూర్చున్నాడు. పేజీ తీసి ఇచ్చాను. దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా జరిపాడు. కొంచెం పక్కకు తిప్పాడు. చివరికి, "బాగుందిరా" అన్నాడు. సంచిక మడత పడకుండా ట్రంకు పెట్టెలో బట్టల మీద పెట్టాడు. అంతే. ఒక్క చిక్కు గురించి కూడా మాట్లాడలేదు. ఆయన ఆటే కదా, ఒక్క మాటైనా అనకూడదా అని నాకు కష్టమనిపించింది. పై చదువుకు పోయినవాణ్ణని నాన్న నాకు దూరంగా జరుగుతున్నాడేమో అని కూడా అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత అమ్మ చెప్పింది. "రోజూ పొద్దుగూకాక ఆ పుస్తకం తీసి చూస్తన్నాడురా మీ నాన్న. ఆట మర్చిపోయానేమో, బుర్ర మొద్దుబారిందేమో అనుకుంటన్నాడు. పోయిన ఆదివారం బండ కాడికి కూడా పోలా."

ఆ మాట వినగానే నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆట మర్చిపోలేదు ఆయన. నేను వేసిన పులులేవో మేకలేవో ఆయన కంటికి ఆనలేదు. కనపడటం లేదన్న సంగతి తోచక, తన తెలివే తగ్గిపోయిందని భయపడ్డాడు.

తర్వాత గమనించడం మొదలుపెట్టాను. గోడ కట్టేటప్పుడు రసమట్టం చూడటంలో, దూరాన నిలబడి గోడ వాలు కనిపెట్టడంలో నాన్నకు ఈనాటికీ సాటి లేదు. కానీ టేపు మీద అంకెలు చదవాలంటే చెయ్యి చాచి పట్టుకుంటాడు, లేకపోతే పక్కనున్న కుర్రాడితో చదివిస్తాడు. మన భాషలో దీనికి మంచి పేరే ఉంది, చత్వారం. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. నలభై దాటాక కంటిలోని కటకం గట్టిపడి, దగ్గరి వస్తువుల కోసం తన ఆకారం మార్చుకోలేకపోతుంది. దూరం బాగానే కనిపిస్తుంది, దగ్గరది అలుక్కుపోతుంది. ఇది జబ్బు కాదు. తల నెరిసినట్టే అందరికీ వచ్చేది.

అద్దాలు పెట్టుకుంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. నేనూ అదే అడిగాను. "అద్దాల మేస్త్రి అంటే పని ఎవరిస్తార్రా" అన్నాడు నాన్న. పైగా అద్దాలతో తీరేది సగం ఇబ్బందే. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపు తిరుగుతుంది. ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే అరవై ఏళ్ళ కంటి లోపలి పొరకు చేరే వెలుగు సుమారు మూడో వంతే. అంటే మనం ట్యూబులైటు కింద చదివే పేజీని పెద్దవాళ్ళు ఎప్పుడూ మసక వెలుతురులో చదువుతున్నట్టే. బూడిద రంగు మీద నల్ల అక్షరం మనకు అందం. వాళ్ళకు అది మసక మీద మసక.

నేను లైబ్రరీ సైన్సు చదువుతున్నాను. పాఠకుడికి కావలసిన పుస్తకం పాఠకుడికి అందాలని ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే చెప్పారని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ పుస్తకం చేతికి అందితే చాలదు, కంటికీ అందాలన్నది మాత్రం మా నాన్నను చూశాకే తెలిసింది.

సంక్రాంతి సెలవులకు వెళ్ళేటప్పుడు ఒక పని చేశాను. అదే పులిజూదం చిక్కును 9, 11, 13, 16 పాయింట్లలో నాలుగు కాగితాల మీద ప్రింటు తీసుకెళ్ళాను. నాన్న, పెదనాన్న, మా చర్చి పాస్టరు గారు ముగ్గురినీ చర్చి అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కొక్కటీ ఇచ్చాను. 9 పాయింట్లది ముగ్గురూ పక్కన పెట్టేశారు. 11 పాయింట్లది పగటి వెలుతురులో నాన్న కూడబలుక్కుంటూ చదివాడు గానీ, రాత్రి బల్బు కింద ఇస్తే చదవలేకపోయాడు. 13 నెమ్మదిగా సాగింది. 16 పాయింట్ల కాగితం ఇచ్చాక చదువుతున్నామన్న సంగతే మర్చిపోయి ఆట గురించి వాదించుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు అదే 16 పాయింట్ల చిక్కును వెనక పులి బొమ్మతో ఉన్న కాగితం మీద ఇచ్చాను. పాస్టరు గారు రెండు వాక్యాలు చదివి, "కళ్ళు లాగుతున్నాయి నాయనా" అని తిరిగి ఇచ్చేశారు. అక్షరం పెద్దదే, కింద బొమ్మ ఉండటమే తేడా.

పాస్టరు గారు లోపలికి వెళ్ళి తన బైబిలు తెచ్చి చూపించారు. పెద్ద అక్షరాల బైబిలు. తెల్ల కాగితం, నల్ల అక్షరం. "మాలాంటి ముసలివాళ్ళ కోసం ఇది ఎప్పటి నుంచో ఉంది నాయనా. మీ పత్రికల వాళ్ళకే తట్టలేదు" అన్నారు నవ్వుతూ.

నిజమే. పసిపిల్లల వాచకాల్లో పెద్ద అక్షరాలు వేస్తాం. చదువు వచ్చేకొద్దీ అక్షరం చిన్నదవుతూ పోతుంది. ముసలితనంలో కన్ను మళ్ళీ పెద్ద అక్షరం అడుగుతుందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇంగ్లండులోని లెస్టర్‌లో ఫ్రెడరిక్ థార్ప్ అనే ఆయన 1964లో అల్వర్‌స్క్రాఫ్ట్ పేరుతో కేవలం పెద్ద అక్షరాల పుస్తకాలే ప్రచురించడం మొదలుపెట్టారు. గ్రంథాలయాల్లో పెద్దవాళ్ళు చదవలేక వెనక్కి పోవడం చూసి చేసిన పని అది. ఇవాళ బ్రిటన్‌లో అంధుల సంస్థ ఆర్.ఎన్.ఐ.బి. పెద్ద అచ్చు అంటే 16 పాయింట్లు, ఆపైన అని చెబుతుంది. అది కూడా ఇంగ్లీషు అక్షరాలకు. మన తెలుగుకు ఇంకాస్త కావాలి. ఎందుకంటే పాయింటు అనేది అక్షరం ఒక్కదాని కొలత కాదు, అక్షరం కూర్చునే గది ఎత్తు. 72 పాయింట్లు ఒక అంగుళం. అదే గదిలో మన అక్షరం పైన తలకట్టుకూ గుడికీ, కింద వత్తుకూ చోటివ్వాలి. 'రాష్ట్రం' అన్న మాట రాస్తే కింద రెండు వత్తులు వేలాడతాయి. అందుకని 9 పాయింట్ల తెలుగులో అసలు అక్షరానికి మిగిలేది చాలా తక్కువ. దానికి తోడు బ-భ, ద-ధ-థ, ప-వ, మ-య లాంటి జతలకు తేడా ఒక చిన్న గీతో, చుక్కో, కొనో మాత్రమే. వరసల మధ్య ఎడం తగ్గిస్తే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. నల్ల పట్టీ మీద తెల్ల అక్షరం వేస్తే చుట్టూ ఉన్న సిరా పాకి ఆ చిన్న చుక్కలనూ, సున్నాలనూ పూడ్చేస్తుంది.

కథ అయితే ఒక అక్షరం అలుక్కుపోయినా ముందూ వెనకా మాటలు పట్టుకుని అర్థం చేసుకోవచ్చు. ఆటల పేజీలో ఆ వీలు లేదు. ఒక మేక కనపడకపోతే చిక్కు మొత్తం వేరే చిక్కయిపోతుంది. 3 అంకె 8 లాగా కనిపిస్తే ఎత్తు తప్పుతుంది. చదరంగం పలక చిన్నదైతే శకటుకూ బంటుకూ తేడా తెలియదు, రాజూ మంత్రీ ఒకేలా ఉంటారు. దాడి పలకలో 24 చోట్లు ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు చదరాల మీద ఉంటాయి. గీతలు దగ్గరపడితే మూడూ కలిసి ఒక మందపాటి చట్రమైపోతాయి. పోనీ ఎవరితోనైనా చదివించుకుందామంటే, కథ చదివి వినిపించవచ్చు గానీ పలకను చదివి వినిపించడం సాధ్యం కాదు. కాబట్టి అక్షరం ఎక్కువ స్పష్టంగా ఉండవలసింది ఈ పేజీలోనే. కానీ సరదా పేజీ కదా అని బొమ్మలూ రంగులూ మనం కుమ్మరించేదీ ఈ పేజీలోనే.

ఇది ఒక్క మన సంచిక సంగతి కాదు. గ్రంథాలయంలో దొరికిన ఆటల పత్రికలు, వారపత్రికల పజిల్ పేజీలు తిరగేసి చూశాను. బొమ్మ మీద అక్షరం, రంగు డబ్బాలో సన్న అక్షరం, అడుగున తలకిందుల జవాబు చాలాచోట్ల కనిపించాయి. విదేశాల్లో బల్లల మీద ఆడే ఆటలకు ప్రత్యేకంగా పత్రికలే వచ్చాయి. అమెరికాలో 'డ్రాగన్' 1976లో మొదలై 2007 దాకా అచ్చయింది. ఇంగ్లండులో 'వైట్ డ్వార్ఫ్' 1977లో మొదలైంది. ఆ మొదటి సంచికలు పదిహేనేళ్ళ వయసులో కొనుక్కున్న కుర్రాళ్ళకు ఇవాళ అరవై దాటాయి. ఆట మీద ఇష్టం వాళ్ళకు ముసలిది కాలేదు, కళ్ళకు మాత్రం వయసొచ్చింది. మన దగ్గరా అంతే. 2002లో కోనేరు హంపి గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు పిల్లలకు చదరంగం బోర్డులు కొనిచ్చి, వాళ్ళతో పాటు తామూ నేర్చుకున్న తండ్రులకు ఇప్పుడు చత్వారం వచ్చే ఉంటుంది.

ఇక నేను చేసిన అసలు తప్పు చెప్పాలి. ఆ సంక్రాంతికే, నా నాలుగో చిక్కును సగం పేజీ అంత పలక గీసి నాన్న ముందు పెట్టాను. పులులను త్రికోణాలుగా, మేకలను సున్నాలుగా గీశాను. అంతకు ముందు రెండూ చుక్కలే, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. నాన్న ఒక్క నిమిషం చూశాడు. గరుకు వేలు పలక మీద పెట్టి, "ఇక్కడ గీత ఏదిరా?" అన్నాడు.

చూసుకుంటే నిజంగానే ఒక గీత లేదు. కంప్యూటరులో పలక గీసేటప్పుడు వదిలేశాను.

"ఈ గీత ఉంటే పులి ఇటు దిగిపోద్ది. నీ మేకలు ఎట్టా గెలుస్తాయి? జవాబు తప్పు" అన్నాడు.

ఐదు వందల ప్రతులు పంచాం. నేనూ, నా స్నేహితులూ, సంపాదకవర్గమూ అందరం చూశాం. ఆ తప్పు ఒక్కరికీ దొరకలేదు. పట్టుకోగలిగిన మనిషి పుస్తకాన్ని ట్రంకు పెట్టెలో దాచుకుని, తన బుర్ర మొద్దుబారిందని బాధపడుతూ కూర్చున్నాడు. పోయినేడు ఆ నాలుగో చిక్కుతో తల పగలగొట్టుకున్న వాళ్ళందరికీ క్షమాపణలు. తప్పు మీది కాదు.

ఆ తర్వాతి ఆదివారం నాన్న మళ్ళీ బండ దగ్గరికి వెళ్ళాడు. టౌనులో కళ్ళు పరీక్ష చేయించి అద్దాలు కూడా తీసుకున్నాం. తెలంగాణలో 2018లో, మన ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 'కంటి వెలుగు' పేరుతో ప్రభుత్వాలు శిబిరాలు పెట్టి కళ్ళద్దాలు పంచాయి. మన అమ్మానాన్నల్లో చాలామంది పరీక్ష చేయించుకోవడానికే సిగ్గుపడతారు. ఆ సిగ్గు పోగొట్టాల్సింది మనమే. నాన్న పనిలో అద్దాలు పెట్టుకోడు, ఇంటి దగ్గర మాత్రం పెట్టుకుంటాడు. అద్దాలున్నా పాత పేజీ బల్బు కింద చదవలేకపోతున్నాడని కూడా చెప్పాలి.

మన సంచిక చదివేది మనం మాత్రమే కాదు. ప్రతి వార్షికోత్సవానికీ తొలి బ్యాచ్‌ల అన్నలు ఎంతో దూరం నుంచి వస్తారు. పోయినేడు భోజనాల దగ్గర తల నెరిసిన అన్న ఒకాయన సంచికను చేతులు చాచి పట్టుకుని, "తమ్ముడూ, నా పేరు ఏ పేజీలో ఉందో కాస్త చూసిపెడతావా" అని అడిగారు. మా బ్యాచ్ వాళ్ళం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది. ఈ హాస్టల్లో చదువుకుని పైకొచ్చిన మనిషి, ఈ హాస్టల్ పుస్తకంలో తన పేరు తాను వెతుక్కోలేకపోయాడు.

అందుకని సంపాదకవర్గానికి నా మనవి ఇది. ఆటల పేజీ, పూర్వ విద్యార్థుల జాబితా ఈ రెండూ 16 పాయింట్లలో, మిగతా సంచిక కనీసం 13లో ఉండాలి. అక్షరాల కింద బొమ్మ వద్దు. మెరిసే కాగితం వద్దు, దీపం వెలుగు దాని మీద పడి కళ్ళలో కొడుతుంది. జవాబులు తలకిందులుగా కాకుండా, చివరి పేజీలో నిటారుగా వేయాలి. ఖర్చు మాటేమిటి అంటారు. లెక్క వేశాను. 9 నుంచి 16కు పెంచితే అదే విషయానికి సుమారు మూడు రెట్ల చోటు కావాలి. డబ్బు లేకపోతే చోటు పెంచనక్కరలేదు, విషయం తగ్గిద్దాం. ఏడు చిక్కులకు బదులు రెండు వేద్దాం. చదవలేని ఏడు కంటే చదవగలిగిన రెండు మేలు. ఈ ఏడు ఆటల పేజీలో రెండే ఉన్నాయి. రెండూ నాన్న చూసి సరేనన్నవే.

మనలో చాలామంది అమ్మానాన్నలకు అక్షరం రాదు. మా అమ్మకూ రాదు. వాళ్ళకు చదువు ఎందుకు అందలేదో మనకు తెలుసు. అలాంటి ఇళ్ళలో ఎంతో కష్టపడి నాలుగు అక్షరాలు నేర్చుకున్న ఒక్క మనిషికి కూడా, అచ్చు సన్నమై చదువు మళ్ళీ దూరం కాకూడదు.

ఈ వ్యాసాన్ని పెద్ద అక్షరాలతో చేత్తో రాసి ముందు నాన్నకే ఇచ్చాను. రెండు సాయంత్రాలు పట్టింది. ఎవరి సాయమూ లేకుండా చదివి, "నా గురించి ఇంత రాశావేందిరా" అన్నాడు. ఒక వాక్యం తీసెయ్యమన్నాడు. తీసేశాను.

తమ్ముళ్ళూ, సెలవులకు వెళ్ళేటప్పుడు ఈ సంచికను ఇంటికి తీసుకెళ్ళండి. చదువు వచ్చిన పెద్దవాళ్ళు ఎవరుంటే వాళ్ళ చేతికివ్వండి. "బాగుందిరా" అంటే అక్కడితో ఆగిపోకండి. ఏ పేజీ బాగుందో అడగండి.